ఒక్క ఊపిరిలో గోవిందా

మా ఇల్లు తిరుపతిలో, అలిపిరికి పోయే బస్సుల దారిలో ఉంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుంటానో లేదో, ఏదో ఒక బస్సులోంచి ఒక గొంతు లేస్తుంది, "ఏడుకొండలవాడా! వెంకటరమణా!" అని. వెంటనే బస్సంతా కలిసి "గోవిందా... గోవింద!" అంటుంది. వీధిలో పూలమ్మే ఆమె చేతులు కళ్ళకద్దుకుంటుంది. ఎదురింటి పెద్దాయన చెంపలు వేసుకుంటాడు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి వింటాను. ఆ కేకలో ఎవరి గొంతు చివరిదాకా నిండుగా సాగింది, ఎవరిది మధ్యలో తెగింది, తెగినచోట వచ్చింది దగ్గా ఆయాసమా, ఇదీ నా ధ్యాస. దేవుడి పేరు వింటూ జనం ఊపిరితిత్తులు పరీక్షించే పాపిష్టిదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఈ అలవాటు నాకు పుట్టుకతో రాలేదు. డాక్టర్ మునిరత్నమ్మ గారు అంటించి పోయారు. ఈరోజు పొద్దున ఆ అలవాటే నన్ను కాఫీ పూర్తిగా తాగనివ్వలేదు. ఎందుకో చివర్లో చెబుతాను, ముందు ఆవిడ ఎవరో తెలియాలి కదా.

డెబ్భైల చివర్లో నేను తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో మత్తు వైద్యం నేర్చుకుంటున్నాను. మునిరత్నమ్మ గారు మా పెద్ద. పేషెంట్లందరికీ "మత్తు డాక్టరమ్మ". పుత్తూరు పక్క పల్లెలో సేద్యగాళ్ళ ఇంటి పిల్ల, మద్రాసులో చదువుకుని వచ్చినా మాట మాత్రం పొలం గట్టు మీదే ఉండిపోయింది. పొట్టి మనిషి, ముతక నూలు చీర, నుదుట రూపాయంత బొట్టు. కాఫీలో చక్కెర వేస్తే తిట్టేది, వెయ్యకపోతే "ఏం, చక్కెర కరువొచ్చిందా?" అని తిట్టేది. ఆపరేషన్ గదిలో కత్తి పట్టుకున్న సర్జన్‌కి ఎంత పేరున్నా, ఆవిడ తల ఊపేదాకా ఆ కత్తి చర్మాన్ని తాకేది కాదు. "కోసేవాడికి కోసింది కనపడతాది. మనకు మనిషి కనపడాల," అనేది. అందరూ ఆవిడకు భయపడేవారు. ఆవిడ దేనికి భయపడుతుందో అప్పట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆపరేషన్ ఉన్న రోజు పొద్దున ప్రతి పేషెంటునూ మంచం మీద నిటారుగా కూర్చోబెట్టి, స్టెతస్కోపు పెట్టి విని, ఆ తర్వాత దాన్ని మెడలో వేసుకుని, "ఏదప్పా, కొండెక్కేటప్పుడు అంటావే, అట్లా ఒక్క ఊపిరిలో గోవిందా అను. ఎంత దూరం పోతాదో సూస్తాము," అనేది. సాయిబులైతే వాళ్ళ దేవుణ్ణి పిలవమనేది, కిరస్తానీలైతే వాళ్ళ దేవుణ్ణి. గొంతు చివరిదాకా సాగితే సరే. మధ్యలో దగ్గు తెగగొడితే ఆ రోజు ఆపరేషన్ లేనట్టే. కొత్తలో నాకిది నవ్వులాట. అంత చదువుకున్న మనిషి ఇదేం పరీక్ష అనుకున్నాను. అడిగేశాను కూడా. "స్టెతస్కోపు రొమ్ములో ఉండేది చెప్తాదిమే. మనిషి దాచిపెట్టింది చెప్పదు," అంది. చిత్తూరులో మా ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని. మా తమ్ముడు గోపీ ఆవిడలా నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏదప్పా, గోవిందా అను," అంటూ మా అంగడికొచ్చిన వాళ్ళనంతా పరీక్షించేవాడు.

ఆ చలికాలంలో కొత్త రకం ఫ్లూ జ్వరం వచ్చింది. దేశాలు దాటుకుని వస్తోందని పేపర్లో రాసిన కొద్ది రోజులకే మన ఊళ్ళోకి దిగింది. దాని తిక్క ఏమిటంటే, పెద్దవాళ్ళను వదిలేసి కుర్రకారు మీద పడింది. ఇళ్ళల్లో ముసలివాళ్ళు తిరుగుతుంటే మనవలు దుప్పట్లు కప్పుకుని మూలిగేవారు. హాస్టళ్ళలో మంచానికొకడు పడుకున్నాడు. చాలామందికి నాలుగు రోజుల్లో తగ్గిపోయేది, అందుకే ఎవరికీ లెక్క లేదు. మునిరత్నమ్మ గారికి మాత్రం ఉంది. "ఇంట్లో పడుకున్నోడికి ఇది జలుబే. మత్తిచ్చి కోస్తే జలుబు కాదు," అని రోజూ ఆపరేషన్లు ఆపేసేది. ప్రాణం మీదికి వచ్చినవి తప్ప, ఆగగలిగినవన్నీ ఆపేసేది. పెద్ద సర్జన్ గారు మండిపడేవారు. "ఇట్లా ఆపుకుంటూ పోతే నేను ఆపరేషన్ గదిలో చీట్లపేక ఆడుకోవాల డాక్టరమ్మా!" అనేవారు. "ఆడుకోండి సార్. ఒక చెయ్యి తక్కువైతే నేనూ వస్తా," అని ఈవిడ జవాబు.

అప్పుడొచ్చింది మా తమ్ముడి వంతు. గోపీ తిరుపతిలోనే హాస్టల్లో ఉండి బి.కాం. చదువుతున్నాడు. వాడికి గజ్జలో హెర్నియా. నిలబడితే పేగు జారి నిమ్మకాయంత ఉబ్బు వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. తొందరేమీ లేదు, ఎప్పుడైనా చేయించవచ్చు. కానీ మా నాయన చిత్తూరులో అంగడి నడిపే మనిషి. మంచి దినం చూడకుండా కొత్త బెల్లం బుట్ట కూడా విప్పేవాడు కాదు. అయ్యవారి దగ్గర ముహూర్తం పెట్టించాడు. మా వీధి చివర బట్టల అంగడి వాళ్ళ అబ్బాయి రమేషుకు అపెండిక్స్ తీయించాలట, అదే అయ్యవారు వాడికీ అదే దినం ఇచ్చాడు. వాళ్ళు చిత్తూరులోనే ఒక నర్సింగ్ హోం మాట్లాడుకున్నారు. కూతురు డాక్టరైన గర్వం కొద్దీ మా నాయన, "మావాడికి తిరుపతిలోనే," అన్నాడు. ఆపరేషన్‌కు ముందు వాణ్ణి కొండకు తీసుకుపోయి గుండు కొట్టించి, ఆ చలిలో నెత్తిన చన్నీళ్ళు పోయించి, దర్శనం చేయించి దించాడు. అప్పటికే వాడి హాస్టల్ గదిలో ఇద్దరు జ్వరంతో పడున్నారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ముహూర్తం నాడు పొద్దున వార్డులోకి మునిరత్నమ్మ గారి వెనక నేనూ వెళ్ళాను. గోపీ గంధం పూసిన గుండుతో, నామాలతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన అమ్మ, నాయన. ఆవిడ అడగకముందే వాడు గుండెల నిండా ఊపిరి తీసి "గోవిందా" అందుకున్నాడు. చెప్పొద్దూ, కొండ మీద కూడా అంత పొడుగు గోవిందా నేను వినలేదు. నాయన మీసాల్లో నవ్వుకున్నాడు. నాకూ హాయి అనిపించింది. ఆవిడ మాత్రం కదల్లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని వాడి మొహంలో మొహం పెట్టి కూర్చుంది.

"బాగా అన్నావప్పా. ఎన్నాళ్ళ నుంచి సాధకం?"

"సాధకమా? ఏం లేదు డాక్టరమ్మా."

"ఈ గుండు ఎవురు కొట్టినారు? ఈడ చెవి మింద ఇంత కుచ్చు వదిలేసినాడే. దేవుడికి బాకీ పెట్టినావా, లేకుంటే వడ్డీ కింద ఉంచుకున్నావా?"

వాడికి నవ్వు ఆగలేదు. అసలే నవ్వుల పిల్లవాడు. కిసుక్కున మొదలైన నవ్వు పెద్దదై, దాని వెనకే దగ్గు తన్నుకొచ్చింది. ఒకటి కాదు, తెర తర్వాత తెర. గుండు ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చి, గజ్జ మీద చెయ్యి అదుముకుని ముడుచుకుపోయాడు. ఆవిడ వాడి వీపు నిమురుతూ, అది తగ్గేదాకా ఆగి, "పొద్దున్నే ఏం తాగినావప్పా?" అని అడిగింది. వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ నేల వైపు చూసింది. చివరికి గొణిగాడు, "మిరియాల కషాయం."

"పరగడుపున ఉండమని చెప్పినారా లేదా?"

"గొంతు పట్టుకుంటే గోవిందా రాదని... ఆపేస్తారని..."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో అందరికీ ఆ పరీక్ష తెలుసు, పరీక్షలో ఎలా నెగ్గాలో కూడా కలిసికట్టుగా కనిపెట్టారు. జ్వరం మాత్ర కూడా మింగించారని తర్వాత తేలింది. ఆవిడ కోప్పడలేదు. లేచి నిలబడి నాయనతో, "ఈ పొద్దు చెయ్యము. దగ్గు పూర్తిగా పోయినాక, ఇంకొన్ని వారాలు చూసి పిలుస్తా," అంది. నాయన మొహం మాడిపోయింది. "అమ్మా, ముహూర్తం పెట్టించినాము. గుండు కొట్టించినాము. ఇంత మంచి దినం మళ్ళా యాడొస్తాది?" అన్నాడు. "మంచి దినం పోతే ఇంకో మంచి దినం వస్తాదయ్యా. ఊపిరి పోతే ఇంకో ఊపిరి రాదు," అని ఆవిడ, వాడి వైపు తిరిగి వేలు చూపిస్తూ చెప్పింది. "ఇది బాగా ఇనుకో. దగ్గినప్పుడంతా గజ్జ మింద అరచెయ్యి అదిమి పెట్టుకో. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పెడితే, వాంతి వస్తే, ఒక్క క్షణం ఆగొద్దు. పరిగెత్తుకోని రా." అప్పుడామె గొంతులో వణుకు విన్నానేమో అనిపించి, కాదులే అనుకున్నాను.

నాయన నాతో మాట్లాడకుండా వాణ్ణి చిత్తూరుకు తీసుకుపోయాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అప్పుడు మా ఇంటికి ఫోను లేదు, పక్క మిల్లుకు చేసి పిలిపించుకోవాలి. చేస్తే అమ్మ ఒకటే మాట చెప్పేది: "రమేషుకు ఆపరేషన్ అయిపోయింది. వాడికీ దగ్గుండింది, అయినా చేసేసినారు. నిక్షేపంగా తిరగతాండాడు. మీ నాయనకు అదే కడుపుమంట." ఈ మాట పట్టుకెళ్ళి మునిరత్నమ్మ గారి ముందు పెట్టాను. పెట్టానంటే, కోపంగానే పెట్టాను. ఆవిడ సిరంజిలు సర్దుకుంటూ తలెత్తకుండానే, "బాగుండాడా? చల్లగా ఉండనీ బిడ్డ," అంది. ఇంకేమీ అనదా అని నిలబడ్డాను. "ఒకడు బావిలో పడి ఈదుకోని బయటికొచ్చినాడని, బావికి గట్టు పీకేస్తామామే?" అంది. అప్పటికి జవాబు దొరికినట్టే అనిపించింది. మళ్ళీ మంచం ఎక్కగానే, గట్టు ఇవతల ఉన్న మా గోపీ కూడా బాగుండాలి కదా అన్న దిగులు మొదలయ్యేది.

ఆ దిగులే నిజమైంది. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి ముందు అంబాసిడర్ కారు ఆగింది. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో గోపీ, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని. వాడికి ఫ్లూ ముదిరింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, దగ్గీ దగ్గీ గొంతు పోయింది. ఆ దగ్గుకే ముందురోజు పేగు జారి ఇరుక్కుంది. ఉబ్బు రాయిలా గట్టిపడి, మళ్ళీ లోపలికి పోలేదు. వాంతులు. నాయన మొండిగా "మళ్ళా ఆమె దగ్గరికా?" అని, రమేషుకు చేసిన నర్సింగ్ హోంకే తీసుకుపోయాడట. వాళ్ళు రొమ్ము విని, జ్వరం చూసి, "మేము ముట్టుకోము, తిరుపతికి తీసకపోండి," అని దండం పెట్టారు. ఇరుక్కున్న పేగుకు రక్తం అందదు. నల్లబడుతుంది, కుళ్ళుతుంది, ఒళ్ళంతా విషం ఎక్కుతుంది. ఆపరేషన్ చెయ్యకపోతే వాడు పోతాడు. చేస్తే, ఆ రొమ్ముతో తట్టుకుంటాడో లేదో తెలియదు. ఇన్నాళ్ళూ "ఆగండి, ఆగండి" అన్న మనిషి గోపీ కడుపు మీద చెయ్యి వేసి చూసి, "ఇప్పుడే. గది సిద్ధం చెయ్యండి," అంది. నాయన ఆవిడకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ పొద్దే కోసుంటే ఇంతదాకా వచ్చేదా? చెప్పు తల్లీ, వచ్చేదా?"

వరండాలో అందరూ ఆగిపోయారు. నేనైతే ఆవిడ బావి గట్టు సామెత చెబుతుందనుకున్నాను. ఆవిడ ఆయన కళ్ళల్లోకే చూస్తూ, "రాకపోవచ్చు," అంది. "ఆ పొద్దు కోసుంటే మీవాడు అప్పుడే పోయుంటాడని చెప్పి తప్పించుకోవచ్చు నేను. చెప్పను. నాకు తెలీదయ్యా. ఇప్పుడు నన్ను తిడతా నిలబడితే మాత్రం పోతాడు, అది తెలుసు." నాయన పక్కకు జరిగాడు. ఆయన భుజం మీది కండువా జారి కింద పడింది, తీసుకోలేదు.

ఆపరేషన్ గది బయట సర్జన్ గారికీ ఆవిడకూ మళ్ళీ వాదం. ఆయన పూర్తి మత్తు ఇవ్వమంటారు. పేగు కుళ్ళి ఉంటే కోసి అతకాలి, కుర్రవాడు కదలకూడదు అని ఆయన బాధ. "ఈ రొమ్ములోకి ఈథర్ మత్తు పంపిస్తే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే సార్. నడుములో సూది వేద్దామంటే ఒంట్లో నీళ్ళు లేవు, రక్తపోటు దబ్బున పడిపోతాది. కోసేచోట మాత్రం మొద్దుబారే మందు వేసుకుందాము. వాడు మెలకువగా ఉంటాడు, వాడి ఊపిరి వాడే తీసుకుంటాడు," అంది ఆవిడ. "దగ్గితే? కడుపు తెరిచి ఉండగా దగ్గితే పేగులన్నీ నా చేతుల్లోకొస్తాయి," అన్నారు ఆయన. "దగ్గు వచ్చేముందే మీకు చెప్తాము," అంది. చెప్తాను అనలేదు, చెప్తాము అంది. నా వైపు తిరిగింది. నేను బయట ఉంటానన్నాను, తమ్ముడు కదా, చేతులు వణుకుతున్నాయి అన్నాను. "వణికే చెయ్యే కావాల. రా," అంది.

గోపీ తల దగ్గర ఆవిడ, పక్కన నేను. వాడు నన్ను చూసి, "అక్కా, గుండు వేస్టయిపోయింది," అన్నాడు, అంత జ్వరంలోనూ. ఆవిడ నా అరచేతిని వాడి రొమ్ము మీద, మెడ ఎముకల కింద పెట్టి, పైన తన చెయ్యి పెట్టింది. "దగ్గు వచ్చేముందు ఊపిరి ఒక్క రవ్వ ఆగతాది. గుటకేసినట్టు. అది చేతికి తెలుస్తాది. తెలియంగానే చెప్పు," అంది. మొదటి దగ్గు నేను పట్టుకోలేదు, ఆవిడ పట్టుకుంది. "చెయ్యి తియ్యండి సార్!" సర్జన్ గారు చేతులు పైకెత్తి, గుడ్డతో అదిమిపట్టారు. దగ్గు వచ్చి పోయింది. రెండోదానికి నా అరచేతి కింద ఏదో ఆగింది. నడుస్తున్న మనిషి గడప దగ్గర ఆగినట్టు, అంతే. "వస్తోంది!" అని అరిచాను. ఆవిడ నా చేతి మీది నుంచి తన చెయ్యి తీసేసింది. ఇక మొత్తం నా మీదే పెట్టేసింది మహాతల్లి. ఆ క్షణాన ఆవిణ్ణి ఎంత తిట్టుకున్నానో!

పేగు బయటికి వచ్చింది. చూడకూడదనుకుంటూనే చూశాను. నేరేడుపండు రంగు. సర్జన్ గారు నిట్టూర్చి, "కొయ్యాల్సిందే. పూర్తి మత్తివ్వండి," అన్నారు. కోసి అతకడమంటే చాలాసేపు, ఈథర్ తప్పదు. ఈథర్ ఇస్తే ఆ రొమ్ము ఏమవుతుందో మాకిద్దరికీ తెలుసు. ఆవిడ గొంతు తగ్గించి, ఎప్పుడూ అడగనంత మర్యాదగా అడిగింది. "సార్, వెచ్చని ఉప్పునీళ్ళ గుడ్డ కప్పి కొంచేపు సూస్తామా?" ఆయన ఆవిడ వైపు చూసి, తల ఊపి, కప్పారు. అప్పుడు గదిలో పని లేదు. కత్తి పళ్ళెంలో ఉంది. ఎదురుచూడటం ఒక్కటే. ఎదురుచూడటం కూడా వైద్యమేనని పుస్తకంలో చదివి ఉంటాను గానీ, సొంత తమ్ముడి రొమ్ము మీద చెయ్యి పెట్టి ఎదురుచూడటం వేరు. గుడ్డ తీశారు, నలుపే. మళ్ళీ వెచ్చని గుడ్డ. గోపీ "అక్కా, అయిపోయిందా?" అన్నాడు. "అయిపోవస్తోంది రా," అన్నాను. దేవుడా, ఆ కొండ మీదివాడా, గుండు తీసుకున్నావు కదయ్యా, ఇంకేం కావాలి నీకు అని లోపల తగువులాడాను. మళ్ళీ గుడ్డ తీసినప్పుడు ఒక అంచున ఎరుపు కనిపించింది. చూస్తుండగానే అది పాకింది. పేగు బద్ధకంగా ఒకసారి మెలితిరిగింది. సర్జన్ గారు ముసుగులోంచే నవ్వారు. "బతికింది," అన్నారు. "పేగు బతికింది. ఇంక రొమ్ము సంగతి సూడాల," అంది మునిరత్నమ్మ గారు.

ఆవిడన్నట్టే అసలు యుద్ధం తర్వాతే. మరుసటి రోజుకే గోపీకి న్యుమోనియా దిగింది. కుట్లు నొప్పి పుడతాయని వాడు దగ్గడు, దగ్గకపోతే కఫం బయటికి రాదు. పెదవులు నల్లబడటం చూసినప్పుడల్లా ఆవిడ కోసం పరిగెత్తేదాన్ని. ఆవిడ వాణ్ణి పడుకోనిచ్చేది కాదు. నిటారుగా కూర్చోబెట్టి, కుట్ల మీద దిండు అదిమి పట్టించి, "ఏదప్పా, గోవిందా," అనేది. "గో..." అనగానే తెగిపోయేది. "పోనీ. ఎంతొస్తే అంత. మళ్ళా." అమ్మ పక్కన నిలబడి తాను గోవిందా అనేది, కొడుకు బదులు తాను అంటే పనికొస్తుందేమోనన్నట్టు. నగరి నుంచి వచ్చిన ఒక నేతగాడు పక్క మంచంలో ఉండేవాడు, మా అమ్మ బాధ చూడలేక అతనూ అందుకున్నాడు. అటువైపు మంచంలో సాయిబు తాత "యా అల్లా" అని గొంతెత్తాడు. చివరికి ఆవిడ వచ్చే వేళకు వార్డంతా మోగేది. చూడటానికి వచ్చినవాళ్ళు ఇది ఆసుపత్రా, భజన మందిరమా అని గుమ్మంలోనే ఆగిపోయేవారు. ఒకరోజు రమేషు అరటిపళ్ళు పట్టుకుని, నిక్షేపంలా నడుచుకుంటూ వచ్చాడు. నాయన వాణ్ణి చూసి మొహం తిప్పుకున్నాడు. మునిరత్నమ్మ గారు వాణ్ణి కూర్చోబెట్టి, కుట్లు చూసి, రొమ్ము విని, "బంగారట్లా ఉండావు నాయనా," అని నిజంగానే సంతోషించి, ఒక అరటిపండు తీసుకుని తింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఆ వారం చివర్లో ఒక పొద్దున గోపీ "గోవిందా" సగం దాటి సాగింది. ఇంకో రెండు రోజులకు, బొంగురుగానే అయినా, చివరిదాకా. నాయన మంచం పట్టె పట్టుకుని నిలబడి విన్నాడు. ఆవిడకు కృతజ్ఞతలు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు. కానీ తర్వాత మా అంగడిలో ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, త్రాసు ఆపేసి, "దగ్గుండాదా? ఏదీ, ఒక్క ఊపిరిలో గోవిందా అను," అనేవాడు. అననివాడికి పప్పు తూచి ఇచ్చేవాడు కాదు.

ఎనభైల్లో ఆవిడ రిటైరై పుత్తూరుకు వెళ్ళిపోయింది. అప్పటికి నేనే ఆవిడ కుర్చీలో కూర్చుని ఆపరేషన్లు ఆపి తిట్లు తింటున్నాను. ఒకసారి చూడటానికి వెళ్ళినప్పుడు, పెరట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంటే, అన్నేళ్ళుగా నోట్లో నానుతున్న ప్రశ్న అడిగాను. "అమ్మా, ఆ రోజు గోపీని ఆపినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా?" కాయ చిట్లించి గింజలు నా చేతిలో పోసింది. "పడకుండా యాడుంటాను? ఇప్పటికీ పడతాను. ఆపినోళ్ళ గురించి పడతాను, ఆపనోళ్ళ గురించి పడతాను. పొద్దున వార్డులోకి పోతాంటే కడుపులో పేగులు వణికేవిమే నాకు." నేను నోరు తెరిచాను. మీకా, భయమా, అన్నాను. ఆవిడ విసుక్కుంది. "భయం లేని మత్తు డాక్టరు దగ్గర నువ్వు పండుకుంటావా?"

ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో! అప్పటిదాకా నా వణుకు నా చేతకానితనమనుకునేదాన్ని. అది పనిముట్టు అని ఆరోజు తెలిసింది. తర్వాత నా చేతుల మీదుగా ఎందరు నిద్రపోయారో, లేచారో. ఒక్కరోజూ నిబ్బరంగా లోపలికి అడుగుపెట్టలేదు. మొన్నటి మహమ్మారి రోజుల్లో, ఆ జబ్బు తగిలినవాళ్ళకు తొందరపడి ఆపరేషన్లు చెయ్యకండి, ఆగగలిగితే కొన్ని వారాలు ఆగండి అని పెద్ద పెద్ద వైద్యులు చెబుతుంటే టీవీ ముందు కూర్చుని విన్నాను. ఆవిడ ఉండి ఉంటే, చక్కెర లేని కాఫీ తాగుతూ, "అట్లనా?" అని ఉండేది.

ఇక ఈరోజు సంగతి. పొద్దున గోపీ ఫోన్ చేశాడు. వాడికిప్పుడు మనవళ్ళు. చిత్తూరులో అదే అంగడి. పిత్తాశయంలో రాళ్ళు, గురువారం ఆపరేషనట. "అల్లుడు అన్నీ మాట్లాడినాడక్కా. అయ్యవారి దగ్గర దినం కూడా సూపించినాము. భలే మంచి దినం," అన్నాడు. సరేరా, మంచిది, అన్నాను. అప్పుడే వీధిలో బస్సు పోతూ కేక వేసింది. నా అరచెయ్యి దానంతటదే బల్ల మీద ఆనింది, దాని కింద ఎవరిదో రొమ్ము ఉన్నట్టు.

"గోపీ, ఒక్క ఊపిరిలో గోవిందా అనరా."

"ఇప్పుడేందక్కా, ఫోన్లో..."

"అను."

అన్నాడు. నిండుగా, పొడుగ్గా, చివరిదాకా అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే, ఇంత వయసులో అంత బాగా ఎవరూ అనరు. కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"పొద్దున్నే ఏం తాగినావురా?"

అవతల ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టిన చప్పుడైంది. తర్వాత, హాస్టల్లో చదివే కుర్రవాడి గొంతుతో గొణిగాడు.

"మిరియాల కషాయం."

కాఫీ అక్కడే వదిలేసి చెప్పులు వేసుకున్నాను. చిత్తూరు బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. వాడు తిడతాడు, వాడి అల్లుడు తిడతాడు, మంచి దినం పోయిందని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఏడవనీ. నా కడుపులో పేగులు వణుకుతున్నాయి, అమ్మా. నేను సిద్ధంగానే ఉన్నాను.